మైలుతుత్తంలో పుల్లటి మజ్జిగ పోస్తే ఏమైందంటే

పైన వీడియోలో మూడు గ్లాసులు పెట్టి చూపించాను కదా, అసలు ఆ గ్లాసుల దాకా నేను ఎందుకు వచ్చానో అందులో చెప్పలేదు. కెమెరా ముందు చెప్పుకోవడానికి సిగ్గేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఈ మధ్య తోటి రైతులు నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. "సార్, జీవామృతం పీహెచ్ 5 ఉంది, నిలవున్న గోమూత్రం 9 ఉంది. రెండూ సమంగా కలిపితే 7 అవుతుంది కదా, ఆకుల మీద కొట్టొచ్చా?" అడిగేవాళ్ళు చదువుకున్నవాళ్ళే. ఐదూ తొమ్మిదీ కలిపి రెండుతో భాగిస్తే ఏడు వస్తుంది, నిజమే. కానీ డ్రమ్ములో ఆ భాగహారం జరగదు. ఈ సంగతి నేను పుస్తకంలో కాదు, పన్నెండు నిమ్మ చెట్ల మీద నేర్చుకున్నాను.

మేము ఉండేది మదీనాగూడలో, అపార్ట్‌మెంట్‌లో. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. శని, ఆదివారాలు అదే ముంబై హైవే పట్టుకుని సదాశివపేట వైపు ఉన్న మా చేనికి వెళ్తాను. రెండెకరాలు, అందులో అరవై నిమ్మ చెట్లు. నిరుడు చలికాలం చివర్లో చెట్లకి గజ్జి తెగులు కనిపించింది. ఆకుల మీద, పిందెల మీద గరుకు మచ్చలు. బోర్డో మిశ్రమం కలిపాను. "బోర్డో వాడతావా, నువ్వేం ప్రకృతి రైతువి?" అని తిట్టేవాళ్ళు తిట్టండి, పడతాను. సేంద్రియ ప్రమాణాల్లో దానికి పరిమితితో అనుమతి ఉంది, నాకు అంతకన్నా మంచి దారి ఆ రోజు కనబడలేదు.

అర శాతం బలంతో కలిపాను. సున్నం కాస్త కాస్తగా పోస్తూ, కొడవలి ముంచి చూస్తూ, కొడవలికి ఎర్రటి రాగి పూత అంటడం ఆగిపోగానే సున్నం ఆపేశాను. నలభై ఎనిమిది చెట్లకి కొట్టేసరికి పొద్దు వాలింది. డ్రమ్ములో ఇరవై లీటర్లు మిగిలాయి. షెడ్డులో పన్నెండు రోజులుగా పులుస్తున్న మజ్జిగ ఇంకో ఇరవై లీటర్లు ఉంది. మరునాడు ఆఫీసు. మళ్ళీ వచ్చేసరికి వారం. ఇదీ తెగుళ్ళ మందే, అదీ తెగుళ్ళ మందే, పైగా ఇది పులుపు, అది సున్నం, రెండూ కలిస్తే మధ్యస్థంగా అయి చెట్టుకి ఇంకా హాయిగా ఉంటుంది అనుకున్నాను. సగం సగం కలిపేశాను.

కలపగానే నురగ వచ్చింది. నీలంగా, చిక్కగా, మడ్డిలా ఉన్న బోర్డో కాసేపటికి తేటపడి ఆకాశం రంగుకి వచ్చింది. "ఎంత బాగా కరిగిందో" అని సంబరపడ్డాను కూడా. కరగడమే దాని ప్రమాదం అని అప్పుడు తట్టలేదు. మిగిలిన పన్నెండు చెట్లకీ కొట్టి, డ్రమ్ము కడిగి, సిటీకి వచ్చేశాను.

మూడో రోజు పక్క చేను రైతు ఫోన్ చేశాడు. నేను ఆయన్ని మామా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు. "ఏం సారూ, చెట్లకు మంట పెట్టినవా ఏంది?" అన్నాడు. లేత చిగుళ్ళన్నీ మాడిపోయాయి. ముదురాకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. పిందెలు చెట్ల కింద పరిచినట్టు రాలి ఉన్నాయి. అవి వేసవికి అందాల్సిన కాయలు. నిమ్మకి ధర పలికేదే అప్పుడు. ఏం కలిపానో చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మైలుతుత్తంల పుల్ల సల్ల పోసినవా? మా అమ్మ రాగి చెంబుల సల్ల పొయ్యనిచ్చేది కాదు సారూ" అన్నాడు.

నా పన్నెండు చెట్ల కథలో రసాయన శాస్త్రం మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది. కళాయి పూత లేని ఇత్తడి గిన్నెలో చారు పెట్టకూడదని, రాగి పాత్రలో పెరుగు తోడెయ్యకూడదని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. పులుపు తగిలితే రాగి కరిగి తిండిలోకి వస్తుంది. బోర్డోలో సున్నం చేసే పని సరిగ్గా దీనికి ఎదురుది. మైలుతుత్తం నీళ్ళలో పూర్తిగా కరుగుతుంది, ఆ నీళ్ళు పుల్లగా ఉంటాయి, అలాగే కొడితే ఆకు మాడుతుంది. సున్నం పోస్తే రాగి కరగని మడ్డిగా మారి ఆకు మీద పూతలా అంటుకుంటుంది. మంచుకి, వానకి అందులోంచి కొంచెం కొంచెంగా విడుదలై తెగులుని ఆపుతుంది. అంటే సున్నం రాగికి తాళం వేసింది. నేను మజ్జిగ పోసి ఆ తాళం తీశాను.

ఈ బోర్డో పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు ద్రాక్ష రైతులు దారిన పోయేవాళ్ళు పళ్ళు కోసుకోకుండా దారి పక్క తీగలకి మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవాళ్ళు. ఆ తీగలకి బూజు తెగులు రాలేదని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి, పరీక్షలు చేసి, 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం చేసిన మందు.

సరే, సగటు ఎందుకు రాదు అన్నది చూద్దాం.

మొదటి కారణం పీహెచ్ అంకెలోనే ఉంది. 1909లో డెన్మార్క్‌లో సోరెన్సెన్ అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. ఆయన పనిచేసింది కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ వాళ్ళ ప్రయోగశాలలో. ఈ కొలతలో ఒక్క అంకె తగ్గితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. 6కీ 4కీ తేడా రెండు కాదు, వంద రెట్లు. అందుకని పీహెచ్ 4 ఉన్న పలచటి యాసిడ్ నీళ్ళు, 6 ఉన్నవి సమంగా కలిపితే 5 రాదు. సుమారు 4.3 వస్తుంది. పుల్లటిది దాదాపు తన మాటే నెగ్గించుకుంటుంది.

రెండో కారణం ఇంకా పెద్దది. మన పనిలో అసలు చిక్కు ఇక్కడే. పీహెచ్ అన్నది జేబులో ఉన్న చిల్లర లాంటిది. గాదెలో ఎన్ని వడ్లున్నాయో అది చెప్పదు. పుల్లటి మజ్జిగలో ఉన్న లాక్టిక్ ఆమ్లంలో కొంత భాగమే ఆ క్షణానికి పులుపుగా బయట కనిపిస్తుంది, మిగతాది లోపల దాక్కుని ఉంటుంది. మీరు క్షారం పోసి పైకి కనిపించేదాన్ని తీసేస్తే లోపలిది బయటికి వస్తుంది. ఇంకా పోస్తే ఇంకా వస్తుంది. నీళ్ళలో బైకార్బొనేట్ కూడా అలాగే అవతలి వైపు నుంచి కాపలా కాస్తుంది. మార్పుని ఇలా తట్టుకునే గుణాన్ని బఫర్ అంటారు. రెండు ద్రావణాలు కలిపినప్పుడు ఎవరి గాదె పెద్దదో వాళ్ళ వైపు ముల్లు మొగ్గుతుంది. అంకెలు చూసి ముందే చెప్పడం కుదరదు.

ఇప్పుడు ఆ మూడు గ్లాసులు. మా మదీనాగూడ ఇంట్లో మూడు రకాల నీళ్ళు దొరుకుతాయి. ఒకటి అపార్ట్‌మెంట్ బోరు, రెండోది మంజీరా నల్లా, మూడోది వంటింట్లో ఆర్వో. ఒక్కో గ్లాసులో 200 మిల్లీలీటర్లు పోసి, పీహెచ్ పెన్నుతో చూస్తే బోరు 8.1, మంజీరా 7.6, ఆర్వో 6.4. ఈ అంకెలు చూసి ఎవరైనా ఏమనుకుంటారు? బోరుకీ మంజీరాకీ పెద్ద తేడా లేదు అనుకుంటారు. మూడింట్లోనూ ఒక్కో చెంచా పుల్లటి మజ్జిగ వేసి కలిపాను. ఆర్వో నీళ్ళు ఒక్కసారిగా 4.3కి పడిపోయాయి. మంజీరా 5.4కి వచ్చింది. బోరు నీళ్ళు మాత్రం 6.6 దగ్గర మొండికేశాయి. చెంచా ఒకటే, మజ్జిగ ఒకటే. వీడియోలో మా ఆవిడ "బోరు నీళ్ళు నీలాగే ఉన్నాయి" అనడం వినిపించే ఉంటుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల మన కింద ఉన్నది నల్లరాయి, అంటే గ్రానైట్. ఆ రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి ఇంకిన నీళ్ళలో బైకార్బొనేట్ బాగా చేరుతుంది. బోరు నీళ్ళ గాదె అదే. పులుపు పడగానే ఆ బైకార్బొనేట్ బొగ్గుపులుసు వాయువుగా మారి బుడగలుగా పోతుంది. ఇంకో సంగతి వీడియోలో లేదు. ఆ బోరు గ్లాసుని రాత్రంతా అలాగే ఉంచి పొద్దున చూస్తే 7 దాటి 7.3కి వచ్చింది. మూత తీసిన సోడాలో గ్యాస్ పోయినట్టు, నీళ్ళలో కరిగి ఉన్న ఆ వాయువు మెల్లగా పోయింది, దాంతో పీహెచ్ మళ్ళీ పైకెక్కింది. రాత్రి కలిపి పొద్దున కొట్టేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. మీరు కలిపింది ఒకటి, కొట్టేది ఇంకొకటి.

ఈ లెక్కన వంద లీటర్ల నీళ్ళకి ఆరు లీటర్ల పుల్లటి మజ్జిగ అని మనం చెప్పుకునే కొలత అందరికీ ఒకటే ఫలితం ఇవ్వదు. వాననీళ్ళలో కలిపినవాడికి పుల్లటి మందు తయారవుతుంది. గట్టి బోరు నీళ్ళలో కలిపినవాడికి పులుపు దాదాపు చచ్చిపోయిన పాలనీళ్ళు తయారవుతాయి. "మీ మందు మా దగ్గర పనిచెయ్యలేదండీ" అనే మాటలో సగం తప్పు నీళ్ళదే అని నా అభిప్రాయం. టెర్రస్ తోటలవాళ్ళకి ఒక మాట: ఆర్వో మెషిన్ నుంచి బయటికి పోయే వృథా నీళ్ళు ఆర్వో నీళ్ళు కావు. అది బోరు నీళ్ళ ఉప్పులన్నీ ఇంకా చిక్కబడిన నీళ్ళు. కషాయం కలపడానికి అవి వాడకండి.

వేప సంగతికి వద్దాం. ఐదు శాతం వేపగింజల కషాయం మనలో చెయ్యనివాళ్ళు లేరు. అందులో పురుగుని ఆపే అజాడిరక్టిన్ కొద్దిపాటి పులుపులో నిలుస్తుంది, క్షారంలో త్వరగా విరిగిపోతుంది. మనం ఏం చేస్తాం? పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్ళలో కషాయం పలచన చేసి, ఆకుకి అంటుకోవాలని బట్టల సబ్బు తురిమి వేస్తాం. సబ్బు మంచి క్షారం. కష్టపడి గింజలు ఏరి, ఎండబెట్టి, పొట్టు తీసి, దంచి చేసిన మందుని చివరి నిమిషంలో మనమే బలహీనం చేస్తున్నాం. కుంకుడు రసం వాడండి. అది నురగా ఇస్తుంది, కాస్త పులుపు వైపే ఉంటుంది. మన అమ్మమ్మలు తలంటుకి వాడినదే. సబ్బే వెయ్యాల్సి వస్తే కొట్టే ముందు వేసి, ఆ సాయంత్రమే అయిపోగొట్టండి, మర్నాటికి దాచకండి. ఇక సబ్బు కలిపిన ట్యాంకులో పుల్లటి మజ్జిగ మాత్రం పొయ్యొద్దు. పులుపుకి సబ్బు విరిగి తెల్లటి జిడ్డు ముక్కలు తేలతాయి. నాజిల్ మూసుకుపోతే ఊదీ ఊదీ నోరు నొప్పెడుతుంది. ఇదీ స్వానుభవమే.

గోమూత్రం గురించి కొంచెం ఓపిగ్గా చదవండి. అప్పుడే పట్టిన గోమూత్రంలో నత్రజని యూరియా రూపంలో ఉంటుంది. నిలవ ఉంచితే సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి, పీహెచ్ 9 వరకు ఎక్కుతుంది, మూత తీస్తే కళ్ళు మండుతాయి. ఆ మంట మీ పొలానికి చెందాల్సిన నత్రజని గాల్లోకి పోవడం. పీహెచ్ తొమ్మిదికి కాస్త పైన సగానికి సగం అమ్మోనియా వాయువుగానే ఉంటుంది. పీహెచ్ ఏడు దగ్గరికి దిగితే అది నూటికి ఒకటో వంతు కూడా ఉండదు, మిగతాదంతా నీళ్ళలో కట్టుబడి ఉంటుంది. అందుకే గోమూత్రంలో బూడిదో సున్నమో కలిపితే వాసన గుప్పుమంటుంది. పుల్లటి మజ్జిగ కలిపితే నురగ వచ్చి వాసన తగ్గుతుంది. డెన్మార్క్‌లో పశువుల పేడనీళ్ళకి యాసిడ్ కలిపి అమ్మోనియా పోకుండా ఆపే పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ళు గంధకామ్లం పోస్తారు, మనకి ఆ అవసరం లేదు. మన జీవామృతంలో బెల్లం చేసే పనుల్లో ఇదొకటి. రెండు వందల లీటర్ల డ్రమ్ములో రెండు కిలోల బెల్లం పులిసి ఆమ్లాలు పుడతాయి, గోమూత్రం క్షారాన్ని అవి పట్టుకుంటాయి. మా డ్రమ్ములో కలిపిన రోజు 7.5 ఉన్నది మూడో రోజుకి 5.3కి వచ్చింది. అలాంటి జీవామృతంలో మళ్ళీ నిలవ గోమూత్రం సమానంగా పోసి 7 చెయ్యాలనుకోవడం ఎందుకు? రాదు కూడా. నేను పోసి చూశాను, 8 దాటింది. గోమూత్రం గాదె పెద్దది.

బీజామృతంలో ఇరవై లీటర్ల నీళ్ళకి యాభై గ్రాముల సున్నమే ఎందుకు చెప్పారో కూడా ఇక్కడే అర్థమవుతుంది. "ఇంకాస్త వేస్తే ఇంకా మంచిది" అని గుప్పెడు వేసేవాళ్ళని చూశాను. అది విత్తనానికి మంచిది కాదు, మనం పట్టించే సూక్ష్మజీవులకి అసలు మంచిది కాదు.

ఇంత చెప్పాక ఇంకో వైపు అతి చేసేవాళ్ళ గురించి కూడా చెప్పాలి. జీవామృతం పోస్తే భూమి పీహెచ్ సరి అవుతుందని, దానికోసం డ్రమ్ములో పీహెచ్ సరిగ్గా 7 ఉండాలని కొందరు హైరానా పడుతుంటారు. ఒక షాపతను నాకు "పీహెచ్ బ్యాలెన్సర్" అని ఒక సీసా అంటగట్టబోయాడు. ఎకరం నేలలో పై ఆరంగుళాల మట్టి సుమారు తొమ్మిది వందల టన్నులు. రెండు వందల లీటర్ల జీవామృతం దాని పీహెచ్‌ని కదిలిస్తుందా? మట్టిని మించిన గాదె ఇంకోటి లేదు. జీవామృతం పని వేరు, అది సూక్ష్మజీవుల సంగతి. నేలకి పారించేదానికి పీహెచ్ చూసుకుంటూ నిద్ర చెడగొట్టుకోవద్దు. చౌడు నేల బాగుపడాలంటే జిప్సం, పచ్చిరొట్ట, మురుగు పోయే దారి చూడాలి. ఆకు మీద కొట్టేదానికి మాత్రం చూసి తీరాలి. లేతాకుకి అంత గాదె లేదు.

నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, ఈ "అన్నీ కలిపి ఒకే ట్యాంకు" పిచ్చి మనం మానాలి. దశపర్ణి, వేప, మజ్జిగ, గోమూత్రం, సబ్బు, పైన ఇంకో బాటిల్ ట్రైకోడెర్మా. ఒక్కొక్కటి విడిగా పనిచేసేవే. కలిపితే ఒకదాన్ని ఒకటి చంపుకోవచ్చు. పురుగుమందుల షాపువాడు నాలుగు డబ్బాలు కలిపి కొట్టమంటే మనం నవ్వుతాం. మనం చేస్తున్నది అదే కదా. ఒక స్ప్రేకి, ఇంకో స్ప్రేకి మధ్య వారం వదిలితే కూలి ఖర్చు పెరుగుతుంది, ఒప్పుకుంటాను. నా దగ్గర ఆ వారం లేకే కదా ఇదంతా అయింది. కానీ ఒక కూలి రోజు మిగుల్చుకోబోయి పన్నెండు చెట్ల కాపు పోగొట్టుకున్నాను.

కలపక తప్పకపోతే, ముందు గ్లాసులో కలపండి. ట్యాంకులో ఏ పాళ్ళలో పోస్తారో అవే పాళ్ళలో, మీరు వాడే నీళ్ళతోనే. అరగంట చూడండి. విరిగిందా, నురగ వచ్చిందా, వాసన మారిందా, మడ్డిగా ఉన్నది తేటపడిందా? ఆ చివరిది నా తరఫున రెండుసార్లు చూడండి. తర్వాత ఒక్క కొమ్మకి కొట్టి రెండు మూడు రోజులు ఆగండి. పీహెచ్ పెన్ను లేకపోతే పెరట్లో ఎర్ర మందారం ఉంటే చాలు. రేకలు వేడినీళ్ళలో వేసి తీసిన రసం పులుపుకి గులాబి రంగుకి, క్షారానికి ఆకుపచ్చకి తిరుగుతుంది. పసుపు కూడా పనికొస్తుంది. దిష్టికి ఎర్రనీళ్ళు కలిపేటప్పుడు పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడుతుంది కదా, అదే. ఆ ఎర్రనీళ్ళలో నిమ్మరసం చుక్కలు వేసుకుంటూ పోతే ఒక చుక్క దగ్గర మళ్ళీ పసుపు రంగు వస్తుంది. ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెడితే, మీరు కొలిచింది జేబులో చిల్లర కాదు, గాదె.

ఒక్క విషయంలో మాత్రం గ్లాసు పరీక్ష కూడా వద్దు. గంధకం, సున్నం కలిపి కాచిన మందులో పులుపు ఏదీ పొయ్యకండి. కుళ్ళిన గుడ్డు వాసనతో వచ్చే వాయువు విషం. బ్లీచింగ్ పౌడర్‌తో కడిగిన డ్రమ్ముని బాగా జాలించకుండా పుల్లటి మజ్జిగ గానీ, బాత్రూములు కడిగే యాసిడ్ గానీ పొయ్యకండి. క్లోరిన్ వస్తుంది. టెర్రస్ మీద చిన్న గదిలో మందులు కలిపే మన అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

ఆ పన్నెండు చెట్లలో తొమ్మిది ఈ వానలకి బాగానే చిగురించాయి. మూడు ఇంకా కొనల నుంచి ఎండుతూనే ఉన్నాయి, ఎండుకొమ్మలు కత్తిరించి చూస్తున్నాను. పోయిన ఆదివారం మామ తన చేనికి కొట్టడానికి వేప కషాయం, ఇంకేదో ఆకు రసం రెండు సీసాల్లో పట్టుకుని మా షెడ్డుకి వచ్చాడు. గోడకి ఆనించి ఉన్న డ్రమ్ము వైపు చూసి, "సారూ, మీ ఇంటికాడి గిలాస తెచ్చినవా? అండ్ల కలిపి చూద్దాం" అన్నాడు. తేలేదు. టీ తాగే గ్లాసే కడిగి ఇచ్చాను.